ఛాంబర్ మెట్లెక్కే ముందు అల్లుడికి ఓ ఉత్తరం

చి. చిన్నాకు, మామయ్య ఆశీస్సులు.

నిన్న అక్కయ్య ఫోన్ చేసి, "వాడికేదో టెస్టు ఉందట, రాత్రిళ్ళు నిద్రపోవడం లేదు, నువ్వొకసారి మాట్లాడరా" అంది. ఫోన్లో చెబితే సగం నీ చెవికెక్కదు, మిగతా సగం నేను మరిచిపోతాను. అందుకే రాస్తున్నాను. గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీల కోసం నువ్వు చేసిన వైఫై టెంపరేచర్ లాగర్‌ని జర్మనీ వాళ్ళు అడగడం మంచి కబురే. సీఈ గుర్తు, అంటే వస్తువు యూరప్ నియమాలకు సరిపోతుందని తయారీదారు వేసే ముద్ర, లేకుండా తీసుకోం అన్నారంటే అందులో వాళ్ళ తప్పేమీ లేదు. నీ టెస్టు దానికోసమే: నీ డబ్బా రేడియో మోతతో చుట్టుపక్కల వాటిని పాడుచేయకూడదు, వాటి మోతకు తాను పాడవకూడదు. దీన్నే ఈఎంసీ అంటారు. ఛాంబర్ అంటే బయటి తరంగాలు రాని ఆ టెస్టు గది.

ముందు నా అనుభవం ఒకటి విను. నీ వయసులో నేనూ ఇలాంటి డబ్బా ఒకటి చేశాను. ఇనుప పెట్టె, పైన పౌడర్ కోటింగ్, చూడ్డానికి ముద్దొచ్చేది. రేడియేటెడ్ ఎమిషన్ టెస్టులో, అంటే గాలిలోకి పోయే మోత కొలిచేటప్పుడు, గ్రాఫు మీద 175 మెగాహెర్ట్జ్ దగ్గర లిమిట్ గీత దాటి ఓ ముల్లు నిలబడింది. బోర్డు మీద 25 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ ఉంది, ఇది దాని ఏడో హార్మోనిక్, అంటే ఏడు రెట్ల ఫ్రీక్వెన్సీ. అంతవరకు వెంటనే తెలిసింది. అక్కడినుంచి రెండు రోజులు బోర్డు మీదే పడ్డాం. ఫెర్రైట్లు, కెపాసిటర్లు, రాగి టేపు, అన్నీ అయ్యాయి. గంటకింత చొప్పున బిల్లు పెరుగుతూనే ఉంది. చివరికి అక్కడి టెక్నీషియన్ టీ తాగుతూ, "సార్, సెన్సర్ కనెక్టర్ కూర్చునే చోట పెయింట్ గీకారా?" అన్నాడు. గీకలేదు. కేబుల్ షీల్డు, అంటే తీగల చుట్టూ ఉండే లోహపు తొడుగు, కనెక్టర్ దాకా బాగానే వచ్చింది, కానీ కనెక్టర్‌కీ పెట్టెకీ మధ్య రంగు పొర ఉంది. గరుకు కాగితంతో రుద్ది మళ్ళీ బిగిస్తే ముల్లు గీత కిందికి దిగిపోయింది.

ఆ రోజు నాకు బుర్రకెక్కిన సంగతి ఏమిటంటే, బోర్డు తనంతట తాను పెద్దగా ప్రసారం చేయలేదు. దానికి ఓ ఏరియల్ కావాలి. ఆ ఏరియల్ నువ్వే తగిలించే కేబుల్. లెక్క చూడు: మీటరు పొడవు కేబుల్‌లో 50 మెగాహెర్ట్జ్ దగ్గర కేవలం 5 మైక్రోఆంపుల కామన్ మోడ్ కరెంటు (తీగలన్నిటిలో ఒకే దిక్కుకు పోయేది) పారితే చాలు, 3 మీటర్ల దూరంలో మీటరుకు దాదాపు 100 మైక్రోవోల్టులు కనిపిస్తాయి. అమెరికా రేడియో నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ ఇళ్ళలో వాడే వస్తువులకు 30 నుంచి 88 మెగాహెర్ట్జ్ మధ్య పెట్టిన హద్దు సరిగ్గా అంతే. అయిదు మైక్రోఆంపులు! నీ మల్టీమీటర్ ఆ ఫ్రీక్వెన్సీలో దాన్ని పసిగట్టలేదు కూడా.

మేతకు వెళ్ళిన గేదె సాయంత్రానికి ఇంటికి వచ్చినట్టు, వెళ్ళిన ప్రతి కరెంటూ బయల్దేరిన చోటికి తిరిగి రావాలి. దారి మూసేస్తే పక్కవాడి చేలో పడి వస్తుంది. నువ్వు పంపిన లేఅవుట్ చూశాను. క్లాక్ లైన్ కింద గ్రౌండ్‌ని, అంటే కరెంటు తిరిగొచ్చే రాగి పొరని, అడ్డంగా చీల్చి, ఆ సందులోంచి వేరే ట్రాక్ లాగావు. రెండు లేయర్ల బోర్డుతో ఇంత పని చేయించాలంటే అంతేగా మరి. నాలుగు లేయర్లకి వెళ్ళు, లోపలి లేయర్ ఒకటి పూర్తిగా గ్రౌండ్‌కే వదిలెయ్. బోర్డు ఖర్చు పెరుగుతుందని అనకు. ఛాంబర్‌లో రెండోసారి ఫెయిలయ్యావంటే ఆ ఖర్చు ముందు ఈ తేడా లెక్కలోకే రాదు. కేబుల్ షీల్డు చివర జడలా మెలిపెట్టి ఒక స్క్రూకి కట్టడం కూడా మానెయ్. చుట్టూరా లోహం పట్టుకునే క్లాంపు వాడు.

పవర్ అడాప్టర్ సంగతి. దానిమీద కండక్టెడ్ టెస్ట్, అంటే తీగ వెంట కరెంటు లైన్లోకి పోయే మోత కొలవడం, 150 కిలోహెర్ట్జ్ నుంచి 30 మెగాహెర్ట్జ్ దాకా చేస్తారు. చాలా అడాప్టర్లు 65 కిలోహెర్ట్జ్ దగ్గర స్విచ్ అవడం ఊరికే కాదు, రెండో హార్మోనిక్ 130 దగ్గర, అంటే టెస్టు మొదలయ్యే గీతకు కిందే పడుతుంది. నువ్వు సొంతంగా చేయకు, మంచి అడాప్టర్ కొను, మన ప్రమాణాల సంస్థ బీఐఎస్ ఇచ్చే రిజిస్ట్రేషన్ నంబర్ ఉన్నది. బీఐఎస్ చూసేది భద్రత, ఈఎంసీ కాదు, కాబట్టి దాని ఈఎంసీ రిపోర్టు విడిగా అడుగు. టెస్టులో పెట్టిన మోడల్ ఒకటి, రేపు చౌకగా దొరికిందని పెట్టెలో వేసేది ఇంకొకటి అయితే నీ రిపోర్టు చిత్తుకాగితమే. మన చిన్న కంపెనీలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే, ఎవరూ బయటికి చెప్పుకోరు.

ఇమ్యూనిటీని, అంటే బయటి మోతను తట్టుకోవడాన్ని, తేలిగ్గా తీసుకోకు. కోల్డ్ స్టోరేజీలో కంప్రెసర్ ఆన్ అయినప్పుడల్లా కాంటాక్టర్ దగ్గర వచ్చే నిప్పురవ్వలే ల్యాబ్‌లో ఐఈసీ 61000-4-4 పేరుతో కృత్రిమంగా పుట్టించేవి. ఫ్యాక్టరీ వాతావరణానికి పవర్ లైన్ మీద 2 కిలోవోల్టులు. తర్వాత ఈఎస్‌డీ గన్, అంటే ఒంటి మీది స్టాటిక్ షాకును అనుకరించేది: లోహానికి తాకించి 4 కిలోవోల్టులు, గాలిలోంచి 8. గన్ పేలినప్పుడు ఒక రీడింగ్ తప్పినా పర్వాలేదు, తనంతట తాను కోలుకోవాలి. స్క్రీన్ బిగుసుకుపోయి నువ్వు ప్లగ్ పీకి పెట్టాల్సి వస్తే ఫెయిలే. ఏది పాస్, ఏది ఫెయిల్ అన్నది టెస్ట్ ప్లాన్‌లో నువ్వే ముందు రాసిచ్చెయ్. రాయకపోతే అక్కడ వాదనలు తప్పవు. వాచ్‌డాగ్, అంటే ప్రోగ్రాం బిగుసుకుపోతే రీస్టార్ట్ చేసే టైమర్, ఇంకా పెట్టలేదని విన్నాను. పెట్టు.

ఇక కాగితాలు. నీ డబ్బాలో వైఫై ఉంది కాబట్టి యూరప్‌లో దానికి వర్తించేది ఈఎంసీ డైరెక్టివ్ కాదు, రేడియో ఎక్విప్‌మెంట్ డైరెక్టివ్, 2014/53/ఈయూ. ఈఎంసీ, భద్రత అందులోనే వచ్చేస్తాయి. 2.4 గిగాహెర్ట్జ్ రేడియోకి ఈఎన్ 300 328, రేడియో పరికరాల ఈఎంసీకి ఈఎన్ 301 489 వరస. 2025 ఆగస్టు 1 నుంచి ఇంటర్నెట్‌కి తగిలే రేడియో వస్తువులకు సైబర్ భద్రత కూడా చేర్చారు, ఈఎన్ 18031. నీ లాగర్‌ని పాస్‌వర్డ్ లేకుండా వాడుకోనిస్తున్నావు కదా, అలా అయితే ఆ ప్రమాణం చూపించి సొంతంగా ప్రకటించుకునే వీలు పోతుంది, నోటిఫైడ్ బాడీ (యూరప్ గుర్తించిన స్వతంత్ర పరిశీలన సంస్థ) దగ్గరికి వెళ్ళాలి. సాఫ్ట్‌వేర్ కుర్రాడికి ఈ ఒక్క మాట ఇవాళే చెప్పు.

"కొన్న వైఫై మాడ్యూల్‌కి సీఈ ఉంది కాబట్టి మాకూ ఉన్నట్టే" అన్నావట. రెండు సీఈలు కలిపినంత మాత్రాన మూడోది పుట్టదు. మాడ్యూల్ రిపోర్టు కొన్ని రేడియో టెస్టులు తప్పిస్తుందేమో గానీ, పూర్తి వస్తువుకు బాధ్యత నీదే. నీకు సీఈ సర్టిఫికెట్ చవగ్గా ఇప్పిస్తానని ఎవడైనా వస్తే గుమ్మంలోంచే పంపెయ్. సీఈ ఇచ్చే ప్రభుత్వ ఆఫీసంటూ లేదు. చాలా వస్తువులకు తయారీదారే ప్రకటన మీద సంతకం పెడతాడు. ఆ ప్రకటన, దాని వెనకున్న రిపోర్టుల ఫైలు 10 ఏళ్ళు దాచాలి. యూరప్‌లో నీ తరఫున పేరూ అడ్రసూ ఉన్న మనిషి ఉండాలి. నీ కొనుగోలుదారు ఇంపోర్టర్‌గా ఆ పాత్ర తీసుకుంటాడో లేదో ఇప్పుడే అడుగు. ఇక్కడ అమ్మడానికి కేంద్ర టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ నుంచి ఈటీఏ అనే రేడియో పరికరాల అనుమతి కావాలి, సరళ్ సంచార్ పోర్టల్లో సొంత ప్రకటనతో అయిపోతుంది. అది పెద్ద పని కాదు.

ల్యాబ్‌కి రెండుసార్లు వెళ్ళేటట్టు లెక్కేసుకో. మొదటిసారి పెట్టె కూడా లేని వికారమైన బోర్డుతో, సగం రోజు బుక్ చేసుకుని, రిపోర్టు అక్కర్లేదని చెప్పి వెళ్ళు. ఆ రోజు ఫెయిలైతే నవ్వుకుంటూ రావచ్చు. హైదరాబాద్‌లో ఈసీఐఎల్ ల్యాబ్ ఉంది, విశాఖలోనూ చెన్నైలోనూ ప్రభుత్వ సంస్థ సమీర్ ల్యాబ్ ఉంది. ఎక్కడికి వెళ్ళినా ల్యాబ్‌లను పరిశీలించి ఎన్ఏబీఎల్ ఇచ్చే గుర్తింపు నీ ప్రమాణానికి ఉందో లేదో స్కోప్ కాగితంలో చూసుకో, గోడ మీది ఫ్రేము చూసి నమ్మకు. రెండు స్పేర్ బోర్డులు, సోల్డరింగ్ ఐరన్, రకరకాల ఫెర్రైట్ క్లాంపులు, రాగి టేపు, ఆఖరికి గరుకు కాగితం కూడా పట్టుకెళ్ళు.

వచ్చే ఆదివారం బోర్డు తీసుకుని ఇంటికి రా. మోత ఎక్కడినుంచి వస్తోందో పసిగట్టే లూప్ ప్రోబ్ మనమే కోయాక్స్ కేబుల్ ముక్కతో చుట్టుకుందాం, ఆ మోతను గ్రాఫుగా చూపే అనలైజర్ ఒక స్నేహితుడిని అడిగాను. అది దొరక్కపోయినా మా నాన్నగారి మీడియం వేవ్ ట్రాన్సిస్టర్ అటక మీద ఉంది. అడాప్టర్ పక్కన పెట్టి నాబ్ తిప్పితే స్విచింగ్ మోత చెవికే వినిపిస్తుంది. బ్యాటరీలు మాత్రం నువ్వే తేవాలి, పెద్దవి, నాలుగు.

మీ మామయ్య