‘పేరు లేదు’ అనే పేరు: ఒక యువ రచయితకు లేఖ

తమ్ముడూ,

నీ కథ చదివాను. మంగోలియా రాజధాని ఉలాన్‌బాతర్ చలి, బొగ్గు పొగ, ఆ తల్లి మాట తీరు అన్నీ బాగా పట్టుకున్నావు. నాకు అడ్డం పడింది హీరో పేరు. నెర్గుయ్ అని పెట్టావు. డిక్షనరీలో ‘పేరు లేనివాడు’ అని చూసి, అతన్ని ఎవరికీ అక్కర్లేనివాణ్ణి చేసేశావు. అర్థం సరైనదే. ‘నెర్’ అంటే పేరు, ‘గుయ్’ అంటే లేదని. కానీ ఆ పేరు పెట్టే ఇంట్లో జరిగేది పూర్తిగా వేరు.

మంగోలియాలో పుట్టిన పిల్లలు వరసగా పోతున్నప్పుడో, పసిబిడ్డ జబ్బుపడి ఎంతకీ తేరుకోనప్పుడో ఇలాంటి పేర్లు పెట్టేవాళ్లు. దుష్టశక్తి బిడ్డను వెతుక్కుంటూ వస్తుందని భయం. వచ్చినా దానికి ఆనవాలు దొరక్కూడదు. ఎనెబిష్ అంటే ‘ఇది కాదు’. తెర్బిష్ అంటే ‘అది కాదు’. ఖున్‌బిష్ అంటే ఏకంగా ‘మనిషి కాదు’! వినడానికి కటువుగా ఉంటాయి గానీ, ఎలాగైనా బిడ్డను దక్కించుకోవాలన్న తపనతో పెట్టినవి. ఆడపిల్లకైనా మగపిల్లాడికైనా చెల్లుతాయి.

అక్కడే ఇంకో అలవాటు ఉంది. రాత్రిపూట పసివాణ్ణి బయటికి తీసుకెళ్లాల్సి వస్తే నుదుట మసి రాస్తారు. చూసిన దయ్యం ఇది బిడ్డ కాదు, కుందేలు అనుకుని వెళ్లిపోవాలని. నీ కథలో ఆ తల్లి పొయ్యిలోంచి వేలితో మసి తీసి బిడ్డకు రాయనీ. పేరుకు అర్థం చెప్పే పేరా మొత్తం కొట్టేయొచ్చు.

మన పాఠకులకు అర్థం కాదేమోనని టెన్షన్ పడకు. పెంటకుప్ప మీద పడుకోబెట్టి తీసిన బిడ్డకు పెంటయ్య అని, తవుడుకు అమ్మినట్టు అమ్మి తిరిగి తెచ్చుకున్న బిడ్డకు తవిటమ్మ అని పెట్టుకున్నవాళ్లం మనం. చప్పున అందుకుంటారు. కానీ ‘మన పెంటయ్యలాగే’ అని మాత్రం రాయకు. ఆ తల్లికి పెంటయ్య ఎవరో తెలియదు కదా.

హీరోకు ఇరవై ఏళ్లన్నావు. ఈ కాలం పిల్లల్లో ఇలాంటి పేర్లు అరుదు. యాభై దాటినవాణ్ణి చెయ్యి. ఇంటిపేరుతో పిలిపించడం కూడా తీసెయ్యి. అక్కడ మనిషిని సొంత పేరుతోనే పిలుస్తారు, దాని ముందు తండ్రి పేరు రాస్తారు. వంశనామాలు 1920ల్లో ప్రభుత్వం ఆపించేసింది. 1990ల తర్వాత అవి మళ్లీ వచ్చినప్పుడు చాలామంది చెంగిజ్ ఖాన్ వంశం పేరు బోర్జిగిన్ ఎంచుకున్నారు. 1981లో అంతరిక్షంలోకి వెళ్లిన తొలి మంగోలియన్ గుర్రాగ్చా అయితే సన్సర్ అని పెట్టుకున్నాడు. విశ్వం అని. ఇది నాకెంత నచ్చిందో చెప్పలేను.

ఇక ముగింపు. చావుతో ముగించావు, దాని అవసరం లేదనిపిస్తోంది. నెర్గుయ్‌కు ఒక కొడుకుంటే, బడి రిజిస్టర్లో వాడి పేరు ముందు ‘నెర్గుయిన్’ అని రాస్తారు, నెర్గుయ్ బిడ్డ అని. ఆ గుమాస్తా అది రాస్తుంటే పక్కనే ఆ నాయనమ్మ నిలబడి ఉండాలి. ఆవిడ చేత ఏం మాట్లాడించాలో నువ్వే చూసుకో. రాయగానే నాకు పంపు.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య