సప్లయర్ కంప్లయన్స్ ఉద్యోగమా, ఈసెట్ రాసి బీటెక్కా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ దగ్గర పల్లె, వరి పండిస్తాం. మా పాప నల్గొండలో పాలిటెక్నిక్ ఈసీఈ పూర్తి చేసింది. మహేశ్వరం వైపు వైర్ హార్నెస్‌లు, అంటే కనెక్టర్లు బిగించిన వైర్ల కట్టలు, తయారు చేసే ఒక చిన్న కంపెనీలో ఉద్యోగం వచ్చింది. పెద్ద ఎలక్ట్రానిక్స్ కంపెనీలకు సరుకు పంపుతారట. తీరా చూస్తే పని సర్క్యూట్ల మీద కాదు, ‘సప్లయర్ కంప్లయన్స్, డాక్యుమెంటేషన్’ అంటున్నారు. మూడేళ్లు ఎలక్ట్రానిక్స్ చదివింది కాగితాలు రాయడానికా అని వాళ్ల మేనమామ కోప్పడుతున్నాడు. ఈసెట్ రాసి బీటెక్‌లో చేరమంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: మీరు ఇంత వివరంగా రాశారు గానీ, పాపకు ఏది ఇష్టమో ఒక్క ముక్క రాయలేదు. అది ఇంట్లో కూర్చుని అడగండి. ఆ ఉద్యోగం ఎలాంటిదో నేను చెప్తాను. సరుకు కొనేవాళ్లు పెట్టిన నియమాలకు సరిపోతోందని చూసి, కాగితాలతో రుజువు చూపించే పని అది.

మీరు వడ్లు అమ్ముతారు కాబట్టి ఇది సులువుగానే అర్థమవుతుంది. ఐకేపీ సెంటర్‌లో తేమ 17 శాతం దాటకుండా ఉంటేనే కాంటా పెడతారు. ఆ లెక్క మిర్యాలగూడలో అయినా మహబూబ్‌నగర్‌లో అయినా ఒకటే. సెంటర్‌కో లెక్క ఉంటే వడ్లు ఎన్నిసార్లు ఆరబోయాలి? ఎలక్ట్రానిక్స్‌లో చాలాకాలం ఆ తిప్పలే ఉండేవి. ఒకే కేబుల్‌ను అయిదు కంపెనీలకు అమ్మేవాడు అయిదు రకాల ఫారాలు నింపాలి, అయిదు ఆడిట్లకు నిలబడాలి. అందుకే కంపెనీలు కలిసి ఉమ్మడి ప్రమాణాలు రాసుకున్నాయి. 1998లో మొదలైన రొసెట్టానెట్ అనే సంఘం ఆర్డరు పంపడం, దాన్ని ఒప్పుకోవడం లాంటివి కంప్యూటర్ల మధ్య ఒకే పద్ధతిలో జరిగేలా చూసింది. 2004లో హెచ్‌పీ, డెల్, ఐబీఎం లాంటి కంపెనీలు కార్మికుల హక్కులు, భద్రత, పర్యావరణం మీద ఉమ్మడి నియమావళి తెచ్చాయి. ఆ సంఘాన్నే 2017 నుంచి రెస్పాన్సిబుల్ బిజినెస్ అలయన్స్ అంటున్నారు. ఫ్యాక్టరీల్లో అందరూ ఆర్‌బీఏ అంటారు.

అయితే 17 శాతం తేమ ఉన్నా మిల్లు దగ్గర తరుగు పేరుతో ఇంకొంత కోసినట్టే, పెద్ద కంపెనీలు ఉమ్మడి నియమాల మీద తమ సొంత షరతులు కలుపుతూనే ఉంటాయి. అందుకే ఈ పని తెలిసిన మనుషుల అవసరం తగ్గడం లేదు.

ఇక పాప చేరబోయే కంపెనీ సంగతే చూద్దాం. వైరు మీద పీవీసీ తొడుగు మెత్తగా ఉండటానికి థాలేట్లు అనే రసాయనాలు కలుపుతారు. యూరప్‌లో అమ్మే ఎలక్ట్రానిక్ వస్తువుల్లో సీసం, పాదరసం, కాడ్మియం లాంటి ఆరు పదార్థాలకు రోహ్స్ అనే చట్టం 2006 జులై 1 నుంచి హద్దు పెట్టింది. 2019 జులై నుంచి నాలుగు రకాల థాలేట్లు కూడా అందులో చేరాయి. కాడ్మియంకు హద్దు 0.01 శాతం, మిగతావాటికి 0.1 శాతం. ఇది మొత్తం వస్తువు బరువులో చూసే లెక్క కాదు. ఒక్కో పదార్థాన్ని విడిగా చూస్తారు: రాగి తీగ వేరు, పైన తొడుగు వేరు, కనెక్టర్‌కు పూసిన తగరం వేరు. తొడుగు ఒక్కటి ఫెయిలైతే కేబుల్ మొత్తం ఫెయిలైనట్టే, ఆ కేబుల్ వాడిన వస్తువును యూరప్‌లో అమ్మకూడదు.

తొడుగు సరఫరా చేసేవాడు ఖర్చు తగ్గుతుందని చెప్పకుండా రసాయనం మార్చాడనుకోండి. చూస్తే తేడా తెలియదు. కరెంటూ మామూలుగానే పారుతుంది, టెస్టింగ్ బెంచి మీద పాసైపోతుంది. ల్యాబ్ రిపోర్టు ఏ తేదీది, అది ఈ గ్రేడు తొడుగుదేనా, ఐపీసీ-1752 పద్ధతిలో (సరుకులో ఏ పదార్థాలున్నాయో రాసిచ్చే ప్రమాణం) ఇచ్చిన డిక్లరేషన్‌లో ఉన్న పదార్థమూ స్టోర్‌లో ఉన్న పదార్థమూ ఒకటేనా అని అనుమానించి అడిగే మనిషి అక్కడ కావాలి. సరిగ్గా చేస్తే పాప పని ఇదే. దీనికి టైపింగ్ వస్తే చాలదు. సీసం తీసేశాక సోల్డర్ (కాంపొనెంట్లను బోర్డుకు అతికించే లోహం) కరిగే వేడి 183 డిగ్రీల నుంచి దాదాపు 217 డిగ్రీలకు పెరిగింది. ఆ ఒక్క నియమంతో ఓవెన్ సెట్టింగుల దగ్గర నుంచి కాంపొనెంట్ల ఎంపిక దాకా లైన్ మొత్తం మారింది. ఎందుకు మారిందో ఈసీఈ చదివిన పిల్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. మేనమామ గారు చదువు వృథా అంటున్నారు గానీ, నాకైతే అలా అనిపించడం లేదు.

మిగతా పని ఇంత లోతుగా ఉండదు. లారీ బయలుదేరేలోపు ఏ సరుకు ఎంత వస్తోందో చెప్పే ఏఎస్‌ఎన్ అనే ముందస్తు సమాచారం కొనేవాళ్ల సిస్టమ్‌కు పంపాలి, పెట్టె మీద లేబుల్ దానితో సరిపోవాలి. తగరం, టాంటలం, టంగ్‌స్టన్, బంగారం ఏ స్మెల్టర్ (ఖనిజం కరిగించి లోహం తీసే ఫ్యాక్టరీ) నుంచి వచ్చాయో సీఎంఆర్‌టీ అనే ఎక్సెల్ ఫారంలో రాయాలి. కాంగో ప్రాంతపు గనుల సొమ్ము సాయుధ ముఠాలకు పోతోందని 2010లో అమెరికా చేసిన చట్టంతో ఈ ఫారం అవసరం వచ్చింది. ఆ ఖాళీ ఫారం నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. పాపను ఈ వారమే డౌన్‌లోడ్ చేసి ఒకసారి చదవమనండి. చిరాకు పడుతుందో, ఆసక్తిగా అడుగుతుందో చూస్తే మీకే సగం జవాబు దొరుకుతుంది.

ఈ విద్యకు ఉన్న బలం ఏమిటంటే, కంపెనీ మారినా ఇది చెల్లుతుంది. కొంగరకలాన్‌లో ఫాక్స్‌కాన్ ఉంది, దాని చుట్టూ సరుకు ఇచ్చేవాళ్లు ఉంటారు. మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో అమరరాజా బ్యాటరీ ప్రాజెక్టు ఉంది. యూరప్‌లో 2027 ఫిబ్రవరి 18 నుంచి ఎలక్ట్రిక్ వాహనాల బ్యాటరీలకు డిజిటల్ పాస్‌పోర్టు, అంటే బ్యాటరీ వివరాలుండే ఆన్‌లైన్ రికార్డు, తప్పనిసరి అవుతోంది, అందులోనూ ముడిసరుకు ఎక్కడిదో చూపించాలి. కేబుళ్ల దగ్గర ఈ పని నేర్చినవాళ్లు బ్యాటరీల వైపు వెళ్లడం పెద్ద కష్టం కాదు.

భయపడాల్సింది ఒకటుంది. కొన్నిచోట్ల పేరు కంప్లయన్స్ అని పెట్టి డేటా ఎంట్రీ చేయిస్తారు. చేరే ముందే పాపే ఫోన్ చేసి అడగాలి, మీరు కాదు. రిపోర్ట్ చేయాల్సింది క్వాలిటీ మేనేజర్‌కా, స్టోర్ ఇన్‌ఛార్జికా? ప్రొడక్షన్ లైన్ మీదికి వెళ్లనిస్తారా? సప్లయర్ ఇచ్చిన కాగితం తప్పని తేలితే సరుకు ఆపమని చెప్పే అధికారం ఆ టీమ్‌కు ఉందా? చివరి ప్రశ్నకు నీళ్లు నమిలితే నాకు అనుమానమే.

ఈసెట్ సంగతి. సర్క్యూట్ డిజైన్, చిప్‌లు, ఎంబెడెడ్ మీద నిజంగా మనసుండి, ప్రభుత్వ కాలేజీలో గానీ ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో మంచి కాలేజీలో గానీ సీటు వచ్చేట్టుంటే బీటెక్‌కే పంపండి. నేరుగా రెండో సంవత్సరంలో చేరుతుంది, మూడేళ్లు. ఆ పనులకు డిప్లొమా సరిపోదు. అలా కాకుండా, బంధువుల్లో బీటెక్ అని చెప్పుకోవడానికి అప్పు చేసి ఏదో ఒక కాలేజీలో చేర్పించేటట్లయితే వద్దు. ఒక ఏడాది ఈ ఉద్యోగం చేయనివ్వండి. ఈసెట్ వచ్చే ఏడాదీ రాయవచ్చు, అప్పటికి ఏ బ్రాంచి ఎందుకు కావాలో తనకే స్పష్టంగా తెలుస్తుంది.

సర్టిఫికెట్ల కోసం ఇప్పుడే డబ్బు పెట్టకండి. ఎలక్ట్రానిక్ అసెంబ్లీల నాణ్యత చూడటం మీద ఇచ్చే ఐపీసీ-ఏ-610 సర్టిఫికెట్‌కు గడువు రెండేళ్లే, కంపెనీ చేయిస్తే చేయనివ్వండి. సప్లయ్ చైన్‌లో పేరున్న అమెరికా సర్టిఫికెట్ల ఫీజు డాలర్లలో ఉంటుంది, వాటి గురించి మూడు నాలుగేళ్ల తర్వాత ఆలోచించవచ్చు. ఇప్పటికి ఎక్సెల్, ఇంగ్లిష్‌లో తప్పుల్లేని ఈమెయిల్, ఈ రెండూ చాలు. రెండోదే కష్టం.

రోజూ మీ ఊరి నుంచి తిరగడం కుదరదు కాబట్టి హాస్టల్, కంపెనీ బస్సు, షిఫ్టు వేళలు, పీఎఫ్, ఈఎస్‌ఐ సంగతి ముందే అడగండి. మన చట్టం ప్రకారం పని వారానికి 48 గంటలు, ఆపైన చేయిస్తే ఓవర్‌టైమ్‌కు రెట్టింపు ఇవ్వాలి. ఇంకొకటి, మధ్యలో ఏ కన్సల్టెన్సీ అయినా ఉద్యోగం ఇప్పించినందుకు డబ్బు కట్టమంటే కట్టకండి. ఉద్యోగం కోసం కార్మికుల దగ్గర ఫీజు తీసుకోకూడదని, ఏజెంట్ తీసుకున్నా అది తప్పేనని ఆర్‌బీఏ నియమావళిలోనే ఉంది. ఆర్‌బీఏ పాటిస్తామని కొనేవాళ్లకు రాసిచ్చిన కంపెనీ అయితే, డబ్బు అడుగుతున్నారన్న మాట హెచ్‌ఆర్‌కు ఒక ఈమెయిల్ రాస్తే చాలు, ఉలిక్కిపడతారు.