మీ ప్రశ్నలు – జవాబులు: అమెరికా సువార్తిక క్రైస్తవులు, మత స్వేచ్ఛ

ప్రశ్న: అమెరికా క్రైస్తవ దేశంగానే పుట్టిందనీ, ఆ సంగతిని ప్రభుత్వం ఒప్పుకుంటే తప్ప దేశం ఒక్కటిగా నిలవదనీ అక్కడి సువార్తిక బోధకులు కొందరు అంటున్నారు. మతానికీ ప్రభుత్వానికీ నడుమ గోడ కట్టుకున్న దేశంలో ఈ వాదన ఎలా చెల్లుతుంది? (ఒక పాఠకుడు, గుంటూరు)

జవాబు: ఆ గోడ కావాలని పట్టుబట్టినవారిలో సువార్తిక క్రైస్తవులు (బైబిలునే ప్రమాణంగా తీసుకుని, సువార్త చాటడం తమ బాధ్యతగా భావించే ప్రొటెస్టెంట్లు) ముందు వరుసలో ఉన్నారన్న సంగతి ఈ చర్చలో తరచు మరుగున పడుతుంది. స్వాతంత్ర్యానికి ముందు వర్జీనియాలో ఆంగ్లికన్ చర్చి ప్రభుత్వ చర్చిగా ఉండేది. దాని గురువుల జీతాలకు, ఆ చర్చి గడప తొక్కనివారు సైతం పన్ను కట్టవలసి వచ్చేది. అనుమతి పత్రం లేకుండా బోధిస్తున్నారనీ, ప్రజాశాంతికి భంగం కలిగిస్తున్నారనీ 1768 నుంచి కొన్నేళ్లపాటు సువార్తిక క్రైస్తవుల్లో ఒక శాఖ అయిన బాప్టిస్టుల బోధకులను అక్కడ పదుల సంఖ్యలో జైళ్లలో పెట్టారు. కల్పెపర్ జైలులో ఉన్న జేమ్స్ ఐర్లాండ్ అనే బోధకుడు కిటికీ ఊచల వెనుక నుంచే బయట గుమిగూడినవారికి ప్రసంగించాడు.

ఇంతకంటే ముఖ్యమైన ఘట్టం 1784లో వచ్చింది. క్రైస్తవ బోధకులను పోషించడానికి పన్ను విధించి, ఆ సొమ్మును ఏదో ఒక చర్చికి కాక అన్ని క్రైస్తవ శాఖలకూ పంచాలని వర్జీనియా నాయకుడు పాట్రిక్ హెన్రీ ప్రతిపాదించాడు. బాప్టిస్టులకూ అందులో వాటా దక్కేది. అయినా వారు ఊరూరా సంతకాలు సేకరించి, తమకు ఆ డబ్బు వద్దనీ, ప్రభుత్వం చర్చికి పెట్టే అన్నం చివరికి చర్చి నోటికి తాళమవుతుందనీ అడ్డుపడ్డారు. 1785లో, తర్వాతి కాలంలో అమెరికా అధ్యక్షుడైన జేమ్స్ మాడిసన్ అదే బిల్లుకు వ్యతిరేకంగా ప్రసిద్ధమైన నిరసన పత్రం రాశాడు. బిల్లు వీగిపోయింది. దాని స్థానంలో, థామస్ జెఫర్సన్ అంతకు కొన్నేళ్ల ముందే రాసిపెట్టిన మత స్వేచ్ఛా చట్టం 1786 జనవరిలో అమల్లోకి వచ్చింది. బైబిలులోని అద్భుతాలను నమ్మని జెఫర్సన్, వాటిని అక్షరాలా నమ్మే బాప్టిస్టులు ఒకే పక్షాన నిలబడటం విచిత్రంగా కనిపించవచ్చు గాని, విశ్వాసం బలవంతంగా పుట్టదన్న ఒక్క విషయంలో ఇద్దరికీ తేడా లేదు.

మీరు ప్రస్తావించిన గోడ అన్న మాట కూడా బాప్టిస్టులకు రాసిన జవాబులోనిదే. కనెక్టికట్ రాష్ట్రంలో ప్రభుత్వ చర్చి ఇంకా కొనసాగుతుండగా, తమకున్న మత స్వేచ్ఛ హక్కులా కాక దయాభిక్షలా ఉందని డాన్‌బరీ బాప్టిస్టులు 1801లో, అప్పటికి అమెరికా అధ్యక్షుడైన జెఫర్సన్‌కు మొరపెట్టుకున్నారు. 1802 జనవరి 1న ఆయన రాసిన ప్రత్యుత్తరంలో ఆ మాట ఉంది. సరిగ్గా ఆ రోజే జాన్ లీలాండ్ అనే బాప్టిస్టు బోధకుడు మసాచుసెట్స్‌లోని చెషైర్ ఊరివారు చేసిన 1,235 పౌండ్ల జున్నుగడ్డను అధ్యక్ష భవనంలో ఆయనకు సమర్పించాడు. కనెక్టికట్‌లో ప్రభుత్వ చర్చి 1818 వరకు, మసాచుసెట్స్‌లో 1833 వరకు పోలేదు.

ఇక క్రైస్తవ దేశమన్న వాదన. ఆనాటి ప్రజల్లో అత్యధికులు క్రైస్తవులన్నది నిజమే. అయితే పదవులకు మతపరమైన అర్హత పెట్టరాదని వారి రాజ్యాంగం ఆరో అధికరణంలో స్పష్టంగా ఉంది. ‘దేవుని అధీనంలో’ అన్న మాట జాతీయ ప్రతిజ్ఞలో చేరింది 1954లో, ‘దేవుణ్ణి నమ్ముతాం’ అన్నది జాతీయ నినాదమైంది 1956లో. ఇవి సోవియట్ కమ్యూనిజంతో పోటీ పడుతున్న కాలపు చేర్పులే గాని, వ్యవస్థాపకుల నాటివి కావు.

ప్రశ్న: అందరిదీ ఒకే మతమైతే ఐక్యత సులువవుతుంది కదా? (ఒక పాఠకురాలు, వరంగల్)

జవాబు: అమెరికా చరిత్ర ఇందుకు వ్యతిరేక సాక్ష్యమే చెబుతోంది. బానిసత్వం విషయంలో మరో ప్రొటెస్టెంటు శాఖ అయిన మెథడిస్టులు 1844లో, బాప్టిస్టులు 1845లో ఉత్తర, దక్షిణాలుగా చీలిపోయారు. అంతర్యుద్ధంతో దేశం చీలడానికి పదిహేనేళ్ల ముందే చర్చి చీలిందన్నమాట. రెండు పక్షాలూ ఒకే బైబిలు చదువుతున్నాయనీ, ఒకే దేవుణ్ణి ప్రార్థిస్తూ ఒకరిమీద ఒకరు ఆయన సాయం కోరుతున్నారనీ 1865 మార్చిలో లింకన్ తన రెండో ప్రమాణ స్వీకార ప్రసంగంలో అన్నాడు. నాటి చీలికలో పుట్టిన దక్షిణాది బాప్టిస్టుల సమాఖ్య, సదరన్ బాప్టిస్టు కన్వెన్షన్, బానిసత్వాన్ని సమర్థించిన తన గతానికి 1995లో గాని క్షమాపణ చెప్పలేదు.

ప్రశ్న: మా అమ్మాయి కుటుంబం న్యూజెర్సీలో ఉంటోంది. అక్కడి సువార్తిక క్రైస్తవులు తాము కోరే స్వేచ్ఛను హిందువులకూ ముస్లింలకూ ఇవ్వాలంటారా, లేక తమ వరకేనా? (ఒక పాఠకుడు, విజయవాడ)

జవాబు: రెండు రకాలవారూ ఉన్నారు. 2000 సెప్టెంబరు 14న, ఒహాయో రాష్ట్రం పార్మాలోని శివ విష్ణు ఆలయ పూజారి వెంకటాచలపతి సముద్రాల అమెరికా ప్రతినిధుల సభను తొలిసారి హిందూ ప్రార్థనతో ప్రారంభించారు. ఏడేళ్ల తర్వాత సెనేట్‌లో రాజన్ జెడ్ ప్రార్థన చేస్తుండగా సందర్శకుల గ్యాలరీ నుంచి ముగ్గురు క్రైస్తవ నిరసనకారులు కేకలు వేసి అడ్డుకోబోయారు. వారిని బయటికి తీసుకెళ్లాక ప్రార్థన పూర్తయింది.

మీ అమ్మాయి ఉంటున్న న్యూజెర్సీలోనే దీనికి భిన్నమైన ఉదాహరణ ఉంది. బాస్కింగ్ రిడ్జ్‌లో మసీదు నిర్మాణానికి స్థానిక యంత్రాంగం అనుమతి నిరాకరించగా, 2016లో సదరన్ బాప్టిస్టుల సంస్థలు రెండు మసీదు పక్షాన కోర్టులో వాదన దాఖలు చేశాయి. ఆ ఏడాది వారి మహాసభలో, మసీదును సమర్థించడమేమిటని ఒక సభ్యుడు నిలదీస్తే, మసీదును ఆపగలిగిన ప్రభుత్వం రేపు మన చర్చినీ ఆపగలదన్న అర్థంలో, ఆ సంస్థల్లో ఒకదానికి అప్పటి అధ్యక్షుడైన రస్సెల్ మూర్ జవాబిచ్చారు. వర్జీనియా బాప్టిస్టుల వారసత్వం ఇదేనని నా అభిప్రాయం. అయితే ఈ వైఖరికి కన్వెన్షన్ లోపల తీవ్ర వ్యతిరేకత వచ్చిందనీ, దాన్ని సమర్థించిన సంస్థల్లో ఒకటి ఆ తర్వాత వెనక్కి తగ్గిందనీ కూడా చెప్పాలి.

మీ అమ్మాయి కుటుంబానికి నేరుగా ఉపయోగపడే తీర్పు మరొకటి ఉంది. ఆదివారం పని చేయనన్న పెన్సిల్వేనియా సువార్తిక క్రైస్తవుడు, పోస్టల్ ఉద్యోగి ఒకరు వేసిన కేసులో 2023లో సుప్రీంకోర్టు న్యాయమూర్తులు ఏకగ్రీవంగా తీర్పునిచ్చారు. ఉద్యోగి మతాచారానికి వీలు కల్పిస్తే తన వ్యాపారానికి గణనీయమైన భారం పడుతుందని యజమాని రుజువు చేయాలనీ, స్వల్ప ఖర్చును సాకుగా చూపితే సరిపోదనీ తేల్చారు. ఆయన పక్షాన యూదు, సిక్కు, ముస్లిం సంస్థలు కూడా కోర్టుకు వాదనలు సమర్పించాయి. పండుగకు సెలవు కోరే హిందూ ఉద్యోగికీ, శుక్రవారం నమాజుకు సమయం అడిగే ముస్లిం ఉద్యోగికీ ఆ తీర్పు ఒకేలా వర్తిస్తుంది.