చెవులు దాచుకుని ఆడు

బుజ్జీ,

శనివారం నువ్వు బెర్లిన్‌లో బేర్‌గైన్ అనే టెక్నో క్లబ్‌కి వెళ్తున్నావని మీ అమ్మ ఫోన్ చేసింది. "ఎవరో డీజే అంటరా, పగలూ రాత్రీ ఆడతారంట" అని ఒకటే కంగారు. అక్కయ్య లెక్కలో డీజే అంటే నిమజ్జనం రోజు ట్రాక్టర్ మీద కట్టిన బాక్సులు. అక్కడ డీజే అంటే మనిషేనని, గంటలకొద్దీ ఒక ట్రాక్‌లోంచి ఇంకో ట్రాక్‌లోకి అతుకు తెలియకుండా నడిపించే పనివాడని చెప్పి సర్దాను. నాకూ భయంగానే ఉంది, కాకపోతే నా భయం వేరు. గర్వంగానూ ఉందిలే. పెళ్లిళ్లలో గోడకి ఆనుకుని నిలబడే పిల్లవి కదూ నువ్వు!

మీ అమ్మకి ఈ ముక్క చెప్పు, కాస్త కుదుటపడుతుంది: బెర్లిన్ టెక్నోని, అంటే యంత్రాల మీద తయారయ్యే ఆ డాన్స్ సంగీతాన్ని, 2024లో జర్మనీ తన యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చుకుంది. ఆ ఊరి పడమటి సగంలో రాత్రి ఇన్నింటికి మూసెయ్యాలన్న నిబంధనని 1949లోనే ఎత్తేశారు. బెర్లిన్ గోడ పడ్డాక తూర్పు వైపు ఖాళీ కట్టడాలు బోలెడు మిగిలాయి. అమెరికాలోని డెట్రాయిట్‌లో జువాన్ ఆట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్సన్ లాంటి నల్లజాతి కుర్రాళ్లు 80ల్లో తయారుచేసిన సంగీతం వాటిల్లోకి వచ్చి చేరింది. ట్రెజోర్ అనే క్లబ్ 1991లో మొదలైంది ఒక పాత డిపార్ట్‌మెంట్ స్టోర్ నేలమాళిగలో, ఇనప లాకర్ల గదిలో. నువ్వు వెళ్లేదేమో ఒకప్పటి కరెంటు ఉత్పత్తి కేంద్రం.

గేటు సంగతి. గుంపుగా వెళ్లకండి, ఇద్దరో ముగ్గురో చాలు. తాగి నిలబడొద్దు, క్యూలో గోల చెయ్యొద్దు, ఆ రోజు ఎవరు వాయిస్తున్నారో తెలుసుకుని వెళ్లు. ఒరిజినల్ గుర్తింపు కార్డు, చేతిలో నోట్లు ఉండాలి. వద్దంటే వద్దంతే, కారణం చెప్పరు, నువ్వూ అడగకు. లోపల ఫోన్ కెమెరాకి స్టిక్కర్ అంటిస్తారు, దాన్ని పీకావంటే బయటికి పంపేస్తారు.

అసలు శనివారం రాత్రే ఎందుకు? మామూలుగా ఆ పార్టీ సోమవారం పొద్దుటిదాకా సాగుతుంది. రాత్రి హాయిగా పడుకుని, ఆదివారం లేచి, ఇంత పెరుగన్నం తిని పది పదకొండింటికి వెళ్లు. క్యూ తక్కువుంటుంది, ఒంట్లో ఓపికా ఉంటుంది. కాకపోతే శుక్ర, శని రాత్రుళ్లలా ఆదివారం రాత్రి యూ-బాన్ (అక్కడి మెట్రో రైలు) తెల్లవార్లూ నడవదు. పన్నెండు లోపే బయటపడు, లేదంటే నైట్ బస్సులే గతి.

ఇక నా భయం. చెవులు.

అందరూ చేసే తప్పు ఒక్కటే, ఒకే తీరుగా చేస్తారు. ఇయర్‌ప్లగ్‌లు కొంటారు, పెట్టుకుంటారు, పదినిమిషాలకి తీసేస్తారు. ఎందుకంటే పసుపుపచ్చ ఫోమ్ బిళ్లలు పై స్వరాల్ని మింగేస్తాయి. హై-హ్యాట్, అదే డ్రమ్స్‌లో తాళాల చప్పుడు, పోతుంది, పాట దుప్పటి కింద మోగుతున్నట్టుంటుంది. సగం బయటికి లాగితే బాగుందనిపిస్తుంది. అలా లాగిన ప్లగ్ చెవిలో ఉన్నా లేనట్టే, ముఖ్యంగా బేస్‌కి, అంటే కింది స్వరాలకి, అసలు అడ్డం కాదు. గంట గడిచేసరికి చెవి మొద్దుబారుతుంది, సౌండ్ తగ్గించారేమో అనిపిస్తుంది. తగ్గించలేదు, తగ్గింది నీ వినికిడే! అది తెలియక ఇంకో నాలుగడుగులు స్పీకర్ వైపు జరుగుతారు. ఇంటికొచ్చాక చెవుల్లో గుయ్‌మంటుంది, తెల్లారేసరికి ఆగిపోతుంది, నయమైపోయిందనుకుని వచ్చే వారం మళ్లీ అదే. చెవి లోపల నత్తగుల్లలా చుట్టుకున్న భాగంలో శబ్దాన్ని పట్టే సన్నటి రోమ కణాలుంటాయి. చచ్చినవి మనుషుల్లో మళ్లీ మొలవవు.

లెక్క చూడు. 85 డెసిబెల్స్ దగ్గర రోజుకి 8 గంటలు ఉండొచ్చు. ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ టైము సగమవుతుంది. 88కి 4 గంటలు, 100కి వచ్చేసరికి 15 నిమిషాలు. జర్మనీలో డిన్ 15905-5 అనే ప్రమాణం ఉంది, అరగంట సగటు 99 దాటకూడదంటుంది. అది అక్షరాలా పాటించిన హాల్లో కూడా నీ రోజు కోటా 20 నిమిషాల్లో అయిపోతుంది. నిజంగా 15 తగ్గించే ప్లగ్ సరిగ్గా పెట్టుకుంటే అదే 100 నీకు 85.

అందుకని ఫోమ్ వద్దు. సంగీతానికని ఫిల్టర్‌తో వచ్చే సిలికాన్ ప్లగ్‌లు 20, 30 యూరోల్లో దొరుకుతాయి. అన్ని స్వరాల్నీ దాదాపు ఒకే మేర తగ్గిస్తాయి కాబట్టి పాట పాటలాగే ఉంటుంది, తియ్యబుద్ధి కాదు. కుడి చెవికి పెట్టేటప్పుడు ఎడమ చేతిని తల మీదుగా తెచ్చి చెవి పైభాగాన్ని పైకీ వెనక్కీ లాగు, అప్పుడు లోపలి దారి తిన్నగా అవుతుంది. ఫోమే దిక్కైతే ముడతల్లేకుండా సన్నగా నలిపి, దూర్చి, అరనిమిషం వేలితో ఒత్తిపట్టు. నీ గొంతు నీకే బిందెలో మాట్లాడినట్టు వినిపిస్తే సరిగ్గా కూర్చున్నట్టు. లోపలికి వెళ్లే ముందే పెట్టుకో, మొద్దుబారాక కాదు.

స్పీకర్ ముందు నిలబడకు. రెండు స్పీకర్ల దొంతరల మధ్య, కాస్త వెనగ్గా ఉండు, మిక్సింగ్ బాగా తెలిసేదీ అక్కడే. కొత్త ట్రాక్ ముందు బేస్ లేకుండా సన్నగా దూరుతుంది. 32 బీట్లు, ఒక్కోసారి 64 లెక్కపెట్టు, ఒక్క క్షణంలో పాతదాని బేస్ తీసి కొత్తదానిది తెరుస్తాడు. నేల మారినట్టుంటుంది. గంటకోసారి పదినిమిషాలు బయటికొచ్చి ఓ గ్లాసు నీళ్లు తాగు, ఒకేసారి లీటర్లు పట్టించొద్దు. వచ్చేటప్పుడు రైల్లో హెడ్‌ఫోన్స్ పెట్టావో, చూడు మరి! మర్నాడు కూడా గుయ్‌మన్నా, దూది పెట్టినట్టున్నా ఆ రోజే ఈఎన్‌టీ డాక్టర్‌ దగ్గరికి పో. నేను ఫోన్ ఎప్పుడూ కుడి చెవికే పెట్టుకుంటానని నవ్వుతావుగా, నవ్వు, నవ్వు.

తాగుతావా అని అడగను. నీ ముందు పోసినదే తాగు, కింద పెట్టిన గ్లాసు మళ్లీ ముట్టుకోకు. మాత్రలూ పొడులూ ఎవరిచ్చినా వద్దు. చిన్న సీసాలో నీళ్లలా ఉండే జీహెచ్‌బీ అనే మత్తు పదార్థం మద్యంతో కలిస్తే ఊపిరి ఆగిపోవచ్చు. ఎవరైనా పడిపోతే "పడుకోనీలే" అనకు, పక్కకి తిప్పి పడుకోబెట్టి స్టాఫ్‌ని పిలువు, 112కి కొట్టు. ఎవడైనా వెంటపడితే నేరుగా బార్‌ దగ్గరికి పోయి చెప్పు. జర్మనీలో చాలాచోట్ల "లూయిసా ఉందా?" అని అడిగితే చాలు, వాళ్లకి అర్థమవుతుంది.

ప్లగ్‌ల డబ్బా కోటు జేబులో పెట్టకు. కోటు గార్డరోబ్‌లో, అంటే కోట్లు దాచిపెట్టే కౌంటర్‌లో, ఇచ్చేస్తావు, అదీ దాంతోనే పోతుంది. ప్యాంటు జేబులో రెండు జతలు పెట్టుకో. మీ ఇద్దరు ముగ్గురిలో ఎవరో ఒకరు మర్చిపోయి వస్తారు.

మావయ్య