సముద్రపు కోటకు ఓడ మీదే వెళ్లు

చి. శ్రావణికి,

పెదనాన్న ఆశీస్సులు. ఏప్రిల్‌లో అమ్మానాన్నలు ఒసాకా వస్తున్నారని, వాళ్లకి జపాన్ కోటలు చూపిస్తానని రాశావు. హిమెజి చూపించు, అది తప్పదు. ఒసాకా కోట బయటి నుంచి చూస్తే చాలు. ఇప్పుడున్న భవనం 1931లో కాంక్రీటుతో కట్టింది. మిగిలిన రోజు షికోకు దీవిలోని తకమత్సుకి ఉంచు. సముద్రపు నీటినే అగడ్తల్లోకి మళ్లించుకుని కట్టిన కోట అది.

టికెట్లు తీసేటప్పుడు జాగ్రత్త. ఒకాయామా దగ్గర బిచ్చూ తకమత్సు అని ఇంకో కోట స్థలం ఉంది. 1582లో హిదెయోషి అనే సేనాని కట్ట వేయించి, ఏటి నీళ్లు మళ్లించి ముంచేసిన కోట అది. నీళ్ల కథ దానికీ ఉంది కాబట్టి ఇంటర్నెట్‌లో వెతికితే రెండూ కలగాపులగం అవుతాయి. నువ్వు వెళ్లాల్సింది కగావా జిల్లా తకమత్సుకి.

వెళ్లేటప్పుడు రైల్లో నేరుగా దిగిపోకు. ఒకాయామా నుంచి ఊనో వరకు రైలు, అక్కడి నుంచి ఫెర్రీలో నావోషిమా, అక్కడ తకమత్సుకి ఇంకో ఫెర్రీ. టైము ఎక్కువ పడుతుంది, పట్టనీ. 1588లో ఇకోమా చికమసా అనే ప్రభువు ఈ కోట మొదలుపెట్టింది షికోకుకీ పెద్ద దీవికీ మధ్య ఉన్న సెతో లోపలి సముద్రం మీద రాకపోకలు చూసుకోడానికే. అప్పట్లో ఉత్తరం గోడను అలలు తాకేవి, పడవ దిగి నీటి ద్వారం గుండా నేరుగా లోపలికి వెళ్లేవాళ్లు. తర్వాత సముద్రాన్ని పూడ్చి రోడ్డేశారు. అందుకే రైలు దిగి వెళితే అదొక పార్కులాగే ఉంటుంది. నీటి వైపు నుంచి వస్తేనే దాన్ని అక్కడ ఎందుకు కట్టారో తెలుస్తుంది. రేవు దగ్గరపడేటప్పుడు మీ నాన్నని డెక్ మీదికి రమ్మను, తెల్ల బురుజు ఎక్కడుందో వెతుక్కోమను. త్సుకిమి యగురా అంటారు దాన్ని, 1676 నాటిది.

పెద్ద గోపురం ఉండదని ముందే చెప్పెయ్. లేకపోతే "కోట ఏదే?" అని గేటు దగ్గరే మొదలెడతాడు. ఇకోమా వంశం గొడవల్లో పడి 1640లో ఈ సీమ పోగొట్టుకుంది. 1642లో జపాన్‌ని ఏలిన షోగున్ ఇయెయసు మనవడు మత్సుదైరా యొరిషిగె వచ్చి, చాలా ఏళ్లకి గోపురాన్ని తిరిగి కట్టించాడు. శిథిలమైపోయిందని 1884లో పడగొట్టేశారు. మళ్లీ కడదామని ఊరివాళ్లకి ఎప్పటి నుంచో ఆశ. బయటి రూపం పాత ఫొటోలో ఉంది కానీ లోపలి కట్టడం వివరాలు చాలడం లేదు. తెలియకుండా ఊహించి కట్టకపోవడమే మంచిదని నాకనిపిస్తుంది. ఇప్పుడు రాతి పునాది మాత్రమే ఉంది. కప్పు ఉన్న చెక్క వంతెన దాటి దానిమీదికి ఎక్కండి.

నువ్వు ఎక్కువసేపు ఉండాల్సింది అగడ్త దగ్గర. తూము గుండా సముద్రపు నీళ్లు వస్తాయి, సముద్రపు చేపలూ వస్తాయి. తాయ్ చేపలకి మేత వేయొచ్చు, మీ అమ్మకి ఇది బాగా నచ్చుతుంది. చిన్న చెక్క పడవ తిప్పుతారు కూడా. చలికాలం ఆపేస్తారు, ఏప్రిల్‌లో మామూలుగా నడుస్తుంది. వెళ్లే ముందు ఒకసారి ఫోన్ చేసి కనుక్కో.

లోపల హియున్‌కకు అనే ఇల్లు చూడకుండా రావద్దు. 1917లో మత్సుదైరా వారసులు కట్టించుకున్న పెద్ద చెక్క భవనం. పక్కనే ఇసుక, రాళ్లు, పైన్ చెట్లతో తోట. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కూర్చోడానికి మంచి చోటు. బలం మిగిలితే రిత్సురిన్ తోటకీ తీసుకెళ్లు, అది కూడా ఆ ప్రభువులదే. కోట గోడ పక్కనే చిన్న రైలు స్టేషను ఉంది, అక్కడ ఎక్కితే సరి.

మధ్యాహ్నం అందరూ ఉడోన్ అనే లావు నూడుల్స్ తినమంటారు. ఆ పులుసు ఎండు చేపలతో కాస్తారు, మీ అమ్మ ముట్టదు. పులుసు లేకుండా నూడుల్స్ మాత్రం అడిగి, ఇంటి నుంచి తెచ్చిన సోయా సాసో పొడో కలిపి పెట్టు. తిరుగు ప్రయాణం మెరైన్ లైనర్ రైల్లో, సెతో పెద్ద వంతెన మీదుగా. ఒకాయామాకి దాదాపు గంట. చీకటి పడకముందు ఎక్కితే దీవులన్నీ కనిపిస్తాయి. ఫెర్రీ టైములు ఈ వారమే చూసి నాకు రాయి, రోజు ప్లాన్ ఇద్దరం కలిసి వేద్దాం.

ఇట్లు,
పెదనాన్న