ద్వైతం ఒక్కటేనా?

ప్రశ్న: మధ్వాచార్యుల ద్వైతం, డెకార్ట్ చెప్పిన ద్వైతం ఒకటేనా? పరీక్షలో రెండూ కలిపి రాయొచ్చా?
– ఒక డిగ్రీ విద్యార్థిని, హనుమకొండ

జవాబు: రాయొద్దమ్మా. పేరొకటే, రెంటినీ విడదీస్తూ గీత గీసిన చోటు వేరు. 1641లో అచ్చయిన గ్రంథంలో ఫ్రెంచి తత్త్వవేత్త డెకార్ట్ ఆలోచించే మనసును ఒకవైపు, చోటును ఆక్రమించే శరీరాన్ని మరోవైపు పెట్టాడు. 1643లో బొహీమియా రాకుమారి ఎలిజబెత్ ఉత్తరం రాసి అడిగింది: చోటే ఆక్రమించని మనసు ఒంటిని ఎట్లా కదిలిస్తుంది? ఆయన జవాబు ఆమెకు సరిపోలేదు. ఎంత సూటి ప్రశ్న!

మధ్వులది పంచభేదం, అంటే అయిదు తేడాలు: ఈశ్వరుడు–జీవుడు, ఈశ్వరుడు–జడం (చైతన్యం లేని పదార్థం), జీవుడు–జడం, జీవుడు–జీవుడు, జడం–జడం. ఈశ్వరుడొక్కడే స్వతంత్రుడు. ఆ మాట వదిలేస్తే జవాబుకు ప్రాణం పోయినట్టే.

డెకార్ట్‌కు దగ్గరగా కనిపించేది మన ప్రాచీన దర్శనాల్లో ఒకటైన సాంఖ్యం. ఎక్కువమంది తప్పు చేసేదీ అక్కడే. అది చెప్పే 25 తత్త్వాల్లో చైతన్యం పురుషుడిదే, అంటే ఆత్మదే; బుద్ధి, అహంకారం, మనసు మిగతా 24లో, ప్రకృతి (జడమైన మూలపదార్థం) వైపే ఉంటాయి. అందుకే ‘పురుషుడంటే మనసు’ అని రాయకూడదు.

ఇక చార్వాకులు, ఒంటికి వేరుగా ఆత్మ లేదనే భౌతికవాదులు. మట్టి, నీరు, నిప్పు, గాలి కలిస్తే చైతన్యం పుడుతుంది, సరుకులు పులిస్తే మత్తు పుట్టినట్టు అంటారు. ములుగు దిక్కు ఇప్పపువ్వు నానబెట్టడం చూసినవాళ్లకు ఈ పోలిక వెంటనే అందుతుంది. కానీ మత్తు తెలిసేది కుండకు కాదు, తాగినవాడికి. మరి చైతన్యం తెలిసేది ఎవరికి? చార్వాకులను కాదనేవాళ్లు పట్టుకోవలసింది ఇక్కడే.