పాచికల బల్ల దగ్గర పేచీలు

ప్రశ్న: మేం రోల్‌ప్లేయింగ్ గేమ్ ఆడతాం, అంటే తలా ఒక పాత్ర వేసి మాటలతో, పాచికలతో కథ నడిపే ఆట. ఐదుగురం ఆటగాళ్లం, కథ చెప్పి తీర్పులిచ్చే గేమ్ మాస్టర్ ఒకడు. ఒకతను దొంగ పాత్ర వేస్తాడు. మా సంచుల్లోంచే డబ్బు కొట్టేస్తాడు. మొన్న మేం బేరం ఆడుతున్న రాయబారిని మాట మధ్యలో పొడిచేశాడు. ఇదేంటంటే "నా పాత్ర స్వభావం అంతే" అంటాడు. గేమ్ మాస్టర్ ఆ పాత్రను జైల్లో వేయించినా మారకపోగా ఇంకా రెచ్చిపోయాడు. ఏం చేయాలి?

జవాబు: ఆ పాత్రకు ఆ స్వభావం పెట్టింది అతనే. కాబట్టి ఆ సాకు చెల్లదు. జైలు ఎందుకు పనిచేయలేదంటే, అది కూడా ఆటే కదా! తలుపు పగలగొట్టడం, కాపలావాడిని బుట్టలో వేసుకోవడం, పారిపోవడం... గంటసేపు అందరి కళ్లూ అతని మీదే. మనిషితో వచ్చిన గొడవను పాత్రను శిక్షించి తీర్చబోతే ఎప్పుడూ ఇలాగే అవుతుంది. పాత్ర మీద పిడుగు పడేయడం, సరిగ్గా అతని మీదకే రాక్షసుడిని తోలడం కూడా ఈ కోవలోవే.

తర్వాతి సెషన్‌కు ఒకటి రెండు రోజుల ముందు గేమ్ మాస్టర్ గానీ, అతనితో చనువున్న మరొకరు గానీ విడిగా మాట్లాడాలి. గ్రూప్‌లో మెసేజ్ పెట్టొద్దు. నలుగురి ముందు నిలదీస్తే ఎవరైనా మొండికేస్తారు. "నువ్వెప్పుడూ ఇంతే" అని మొదలుపెడితే వాదన తప్ప ఏమీ మిగలదు. జరిగింది ఒకటి, దానివల్ల పోయింది ఒకటి, ఇకపై కావలసింది ఒకటి చెప్పాలి: "మొన్న రాయబారిని పొడిచావు. మిగతా నలుగురం గంటసేపు ఆడిన బేరం గంగలో కలిసింది. ఇకమీదట అలాంటిది చేసేముందు మమ్మల్ని అడుగు."

ఇంకో రెండు పనులు చేయండి. ఒకటి, తోటి పాత్ర మీద ఎవరేం చేసినా పాచికలు వేయకూడదు. ఫలితం ఏమిటో ఆ రెండో ఆటగాడే చెప్తాడు. సంచిలో చేయి పెట్టానని అతను అంటే, "పెట్టగానే మణికట్టు పట్టేసుకున్నాను" అనే హక్కు సంచి యజమానిది. సరదాగా తోస్తే పోగొట్టుకోవడానికీ ఆయన ఒప్పుకోవచ్చు. ఈ ఒక్క నియమంతోనే చాలా గుంపుల్లో లోపలి దొంగతనాలు ఆగిపోతాయి. రెండు, "నా పాత్ర ఈ నలుగురితో ఎందుకు తిరుగుతోంది?" అన్నదానికి ఒక్క వాక్యంలో జవాబు రాయమనండి. రాయలేకపోతే అది ఈ కథకు పనికిరాని పాత్ర. కొత్తది తయారు చేసుకోమనాలి.

ఇంత చెప్పాక కూడా అదే పని చేస్తే, గేమ్ మాస్టర్ అక్కడికక్కడే "ఆగు, అది జరగలేదు. ఇంకోటి చెప్పు" అనాలి. ఆ తర్వాతా మారకపోతే గుంపులోంచి తప్పుకోమనడమే. ఒకరి మొహమాటానికి నలుగురి ఆట పాడవకూడదు.

ప్రశ్న: మా గేమ్ మాస్టర్ కథంతా ముందే రాసుకొస్తాడు. మేమేం ప్రయత్నించినా విఫలమే. కావాలనే చేస్తున్నాడని మా అనుమానం.

జవాబు: కావచ్చు, కాకపోనూ వచ్చు. ముందు లెక్క చూడండి. ఈ రకం ఆటైన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అయిదో ఎడిషన్‌లో, పాచిక మీద పడిన అంకెకు పాత్రకున్న అదనం కలిపితే మామూలు కష్టానికి 15, ఎక్కువ కష్టానికి 20 దాటాలి లేదా సరిగ్గా అంతే రావాలి. మీ పాత్రకు ఆ పనిలో 5 అదనం ఉంటే, ఇరవై ముఖాల పాచిక మీద 15కు గెలిచే అవకాశం 55 శాతం, 20కి 30 శాతమే. ఇప్పుడు కోటలోకి నక్కి వెళ్తున్నారనుకోండి. గోడ దగ్గరొకసారి, వసారాలో ఒకసారి, తలుపు దగ్గరొకసారి వేయమన్నాడు. ప్రతిసారీ 55 శాతమే అయినా, మూడూ గెలిచే అవకాశం 17 శాతానికి మించదు. చాలామంది గేమ్ మాస్టర్లు ఇది తెలియకే చేస్తారు, దుర్బుద్ధితో కాదు. "మొత్తం చొరబాటుకి ఒక్క పాచికే వేద్దాం, పడిందే ఖాయం" అని అడగండి. వేసేముందే ఎంత పడాలో చెప్పమనండి. ఓడిపోతే ఏమవుతుందో కూడా ముందే చెప్పమనండి. "ఏమీ కాదు, మళ్లీ వేయండి" అనేదైతే అసలు పాచికే అక్కర్లేదు.

ఇవన్నీ ఒప్పుకుని కూడా ప్రతి దారీ మూసేస్తున్నాడంటే మీ అనుమానం నిజమే. అప్పుడు సూటిగా అడగండి: "మేం ఊరు వదిలి అడవికి వెళ్తే వెళ్లనిస్తావా?" వెళ్లనివ్వనంటే అదీ ఒక జవాబే. రాసుకొచ్చిన కథలో నడవడం ఇష్టమైనవాళ్లూ ఉంటారు. మీరు వాళ్లలో ఒకరా కాదా అన్నది మీరు తేల్చుకోవాలి.

ప్రశ్న: చిత్రహింసల సన్నివేశాలు నాకు పడవు. వద్దంటే "ఆటే కదా" అని నవ్వుతారు. ఆడవాళ్లలో నేనొక్కదాన్నే.

జవాబు: క్యాంపెయిన్ (చాలా సెషన్ల పాటు సాగే ఒకే కథ) మొదలవకముందు పాచికలు ముట్టకుండా కూర్చుని మాట్లాడుకునే 'సెషన్ జీరో' ఉన్నది ఇందుకే. మధ్యలోనైనా ఒక అరగంట దానికి కేటాయించమని అడగొచ్చు. తలా ఒక చీటీ మీద పేరు లేకుండా రెండు రకాలు రాయాలి: కథలో అసలు రాకూడనివి, వచ్చినా వర్ణించకుండా తెర దించేయాల్సినవి. గేమ్ మాస్టర్ అన్నీ కలిపి పైకి చదువుతాడు. ఎవరు రాశారన్న ప్రస్తావన ఉండకూడదు. మీరు ఒక్కరే ఆడమనిషి కాబట్టి చేతిరాత పట్టేస్తారనుకుంటే, ముందే గేమ్ మాస్టర్‌కి చెప్పి ఆయన చీటీలోనే రాయించండి.

జాన్ స్టావ్రోపోలస్ రూపొందించిన ఎక్స్ కార్డ్ కూడా ఉంది. ఎక్స్ అని రాసిన కార్డు బల్ల మధ్యలో పెడతారు. ఎవరు ముట్టుకున్నా ఆ ముక్క కథలోంచి తీసేసి ముందుకెళ్లాలి, కారణం అడగకూడదు. దీనికో లోపముంది: మొదట ముట్టుకున్నవాళ్ల వైపు అందరూ తిరిగి చూస్తారు. అందుకే గేమ్ మాస్టరే తొలిసారి ఏదో చిన్న విషయానికి దాన్ని వాడి చూపించాలి. ఇవన్నీ మంచితనం ఉన్నచోట పనిచేసే పరికరాలు. ఒకసారి స్పష్టంగా వద్దన్నాక కూడా నవ్వే గుంపులో మీరు ఇంకో సెషన్ కూర్చోవాల్సిన పని లేదు.

ప్రశ్న: పోరాటం మొదలైతే నా వంతు వచ్చేసరికి నిద్రొస్తుంది. తలా అయిదు నిమిషాలు ఆలోచిస్తారు.

జవాబు: ఐదుగురు ఆటగాళ్లు, గేమ్ మాస్టర్, తలా అయిదు నిమిషాలంటే ఒక్క చుట్టుకే అరగంట! ఒకరి వంతు చెప్పేటప్పుడే "తర్వాత నువ్వు" అని రెండోవాళ్లనీ హెచ్చరించండి. దెబ్బ తగిలిందా, ఎంత తగిలింది అన్న పాచికలు రెండూ ఒకేసారి వేయండి. మంత్రాలు వేసేవాళ్లు అవేంచేస్తాయో కార్డుల మీద రాసుకుని రావాలి. వంతు వచ్చాక పుస్తకం తెరవడమే అసలు జాప్యం.

ప్రశ్న: స్నేహం చెడకుండా గుంపులోంచి బయటపడటం ఎలా?

జవాబు: సెషన్ మధ్యలో లేచి వెళ్లకండి, చెప్పకుండా మానేయనూ వద్దు. తర్వాతి ఆటకు ముందే గేమ్ మాస్టర్‌కి రెండు మాటల్లో చెప్పండి: "ఈ ఆట నాకు కుదరడం లేదు, ఇక రాను. నా పాత్రను కథకు ఎలా పనికొస్తే అలా వాడుకోండి." ఫిర్యాదుల చిట్టా విప్పొద్దు. అడిగితే ఒక్క కారణం చెప్పండి, చాలు. ఎవరి దగ్గరైనా తెచ్చుకున్న పుస్తకాలు, బొమ్మలు ఉంటే ఆ వారంలోనే ఇచ్చేయండి. ఆలస్యమైన కొద్దీ అదే ఇంకో పేచీ అవుతుంది. కొత్త గుంపులో చేరేటప్పుడు ఏడాది సాగే క్యాంపెయిన్‌కి మాటివ్వకుండా, ఒక్క పూటలో ముగిసే వన్‌షాట్ ఆడి చూడండి. ఎంతమంది ఆడతారు, పాత్ర చనిపోతే ఏం చేస్తారు, ఆటగాళ్లు ఒకరిమీదొకరు దాడి చేసుకోవచ్చా అని మూడూ ముందే అడగండి. "అది అప్పుడు చూద్దాంలే" అని మూడింటికీ అంటే ఇంకో గుంపు వెతుక్కోండి.